ఉప్పునీరు తాగిన హబ్

2019, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. ఆనందపురం కూడలి దాటాక హైవే పక్కన మా రేకుల షెడ్డు ఉండేది. భీమిలి వైపు తీరం నుంచి సబ్బవరానికి చేపలు తీసుకెళ్లే బండ్లు మా ముందు నుంచే పోయేవి. వాటిలో పోలమ్మ పికప్ ఒకటి. పోలమ్మ చేపల వ్యాపారి. బండి ఆమెది, తోలేది ఆమె మరిది అప్పలరాజు. భుజం దెబ్బతిని వేట మానుకున్న అతనికి ఆ స్టీరింగే బతుకుదెరువు.

ఆ రోజు సబ్బవరం నుంచి ఐసుతో ఒడ్డుకి తిరిగెళ్తున్న బండి మా ముందు ఆగకముందే పోలమ్మ గొంతు వినిపించింది.

“బాబూ, ఎనక సెక్రం మళ్లీ మూలుగుతంది. ఏసిన బేరింగు ఏసినట్టే పోతంది. ఈడి సేతికి బండిత్తే రోడ్డు మీద గొయ్యి ఒక్కటి వదలడు.”

“గొయ్యి లేని రోడ్డు ఎక్కడుందో సెప్పు వదినా, అటే తోల్తాను,” అన్నాడు అప్పలరాజు.

“సూశారా? బేరింగులరిగిపోతన్నాయి గానీ నోరు మాత్రం అరగదు.”

నవ్వాను. ఆమె నవ్వలేదు. పక్కకొచ్చి గొంతు తగ్గించింది. “మిగతా షెడ్డులోళ్లంతా ఈడి తోలుడు వల్లే అంటన్నారు. మీరూ అదే మాటంటే తాళాలు మా అక్క కొడుక్కిచ్చేత్తాను. ఆడికి మాట కూడా ఇచ్చేసినాను.”

అప్పలరాజుకు వినబడింది. వెళ్లి ముందు చక్రానికి రాయి అడ్డుపెట్టాడు.

చక్రం తిరిగేది హబ్ మీద. హబ్ లోపల ఇరుసుకూ చక్రానికీ మధ్య ఉండేదే బేరింగ్. ఇనుప రోలర్లు, వాటిని పట్టుకునే రేస్ అనే ఉక్కు కప్పు, చుట్టూ గ్రీజు, నీళ్లూ దుమ్మూ దూరకుండా ఆయిల్ సీల్. ఇంతే దాని సంసారం. అరిగిందో లేదో ముందు చెవికి తెలుస్తుంది. రాయి తీసి, బండిని నేనే హైవే ఎక్కించాను. వేగంతోపాటు రొద పెరిగింది. స్టీరింగ్ కుడికి తిప్పి బరువు ఎడమ మీద వేస్తే ఇంకా హెచ్చింది. టైరు చప్పుడైతే అలా మారదు. షెడ్డుకొచ్చి తాళాలు పోలమ్మకిచ్చి, జాకీతో ఎత్తి, ఎడమ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. కటకటలాడింది. ఒక చెయ్యి స్ప్రింగు పట్టీ మీద ఉంచి రెండో చేత్తో చక్రం తిప్పితే, తిరగలి తిప్పుతున్నట్టు గరగర అరచేతికి తెలిసింది.

హబ్ విప్పాక అసలు సంగతి కనిపించింది. గ్రీజు పాలెక్కువైన కాఫీ రంగులో ఉంది. రోలర్ల మీద తుప్పు గుంటలు. గోతుల దెబ్బే అయితే రేస్ మీద రోలర్ల అచ్చులు వరసగా నొక్కుకుని ఉండాలి. తుడిచి వెలుతురుకి పెట్టి చూశాను. ఒక్కటీ లేదు.

“ఇది తోలుడు వల్ల కాదు పోలమ్మా. లోపలికి నీళ్లు దూరేయి.”

“కడుగుడు వల్లేమో బాబూ,” అన్నాడు అప్పలరాజు. “రోజూ బోరు నీళ్లతో అడుగంతా కడుగుతాను. ఉప్పుంటే తుప్పడతాది కదా.”

“ఉప్పెక్కడిది?”

అతను వదిన వైపు చూసి తల దించుకున్నాడు. “ఒడ్డు కాడ బండిని ఎనక్కి తోలి అలల్లోకి దింపుతాను.”

“ఏటీ?” పోలమ్మ గభాలున లేచింది. పడవల నుంచి సరుకు దిగే వేళకు ఆమె సబ్బవరంలో ఉంటుంది, ఒడ్డున ఏం జరుగుతుందో చూడదు. “బండిని సముద్రంలో దింపుతావా? ఎందుకురా?”

“సిట్టెమ్మత్తా ఆళ్లకి మోకాళ్లు పోయాయి వదినా. ఇసకలో పెట్టెలు నెత్తినెట్టుకుని ఎక్కలేకపోతన్నారు. బండి పడవ కాడికే ఎల్తే అక్కడే అందించేత్తారు.”

“మరి నాకు సెప్పలేదేటి?”

“సెప్తే ఆళ్లని మానిపించి పడుసోళ్లని పెట్టుకుంటావని.”

“నాను అంత కానిదాన్నేట్రా?”

అతను వంగి, విప్పిన నట్లు ఏరి డబ్బాలో వేయసాగాడు. తాళాలు పోతాయని తెలిసీ అంతదాకా ఆ ముసలమ్మల పేరు బయటపెట్టలేదు ఆ మనిషి.

కడిగినా ఫలితం ఎందుకు లేదో వాళ్లకు చూపించాను. టీకొట్టు నుంచి గాజు గ్లాసు తెప్పించి, మరిగే నీళ్లు పోసి పారబోసి, వెంటనే పళ్లెంలోని చన్నీళ్లలో బోర్లించాను. గ్లాసు చల్లబడుతుంటే పళ్లెంలో నీరు దానంతటదే లోపలికి ఎక్కింది. తీరానికి దిగే ఘాట్ రోడ్డు వాలులో బ్రేకుల వేడితో కాలుతున్న హబ్ అలల్లో మునిగితే జరిగేదీ ఇదే. లోపలి గాలి ముడుచుకుని సీలు అంచు నుంచి ఉప్పునీటిని పీల్చుకుంటుంది. లోపలికి పోయిన ఉప్పు, బయట ఎంత కడిగినా పోదు.

“ఓలమ్మో, తాగేత్తంది,” అంది పోలమ్మ.

కుడి చక్రమూ విప్పితే అక్కడా అదే రంగు. రెండు వైపులా పాత రేసులను ఇత్తడి కడ్డీతో తట్టి తీశాను. హబ్‌లను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, కొత్త రేసులు దిగ్గొట్టాను. అరచేతిలో గ్రీజు పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి అవతలికి పొంగేదాకా అదిమాను. కొత్త సీళ్లు వేసి, చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వదులు చేసి లాక్ చేశాను. బిగువెక్కువైతే బేరింగ్ కాలిపోతుంది, వదులెక్కువైతే చక్రం ఊగుతుంది.

ఈ పని జరుగుతున్నంతసేపూ పోలమ్మ ఆలోచిస్తూనే ఉంది.

“ఒరే, ఇంటెనక పాత తెప్ప దుంగలున్నాయి కదా. బల్లలా కట్టు. పెట్టెలు దాని మీదెట్టి, తాడేసి బండితో గట్టు మీదకి లాగు. బండి తడవదు, అత్తలు మొయ్యక్కర్లేదు.”

అప్పలరాజు ముఖం విప్పారింది. వెంటనే ముడుచుకుంది. “మరి మీ అక్క కొడుక్కి మాటిచ్చేసినావు కదా?”

“ఇచ్చినాను. బల్ల మీద పెట్టెలు సర్దడానికి ఓ మనిషి కావాల. ఆణ్ణి రమ్మంటాను.” రొంటిన దోపుకున్న తాళాలు తీసి మరిది చేతిలో పెట్టింది. “పద, ఐసు కరిగిపోతంది.”

అరిగిన బేరింగ్ తనకేం తగిలిందో చెప్పగలదు, ఎందుకు తగిలిందో చెప్పలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు షెడ్డు ఎత్తేసేదాకా, ఏ బండి వచ్చినా ఎలా తోలుతున్నావని డ్రైవరును అడగలేదు. రోజంతా ఏం పని చేస్తావో చెప్పమని, అతను చెప్పడం పూర్తయ్యాకే పానా అందుకునేవాణ్ణి.