బస్సుకు మొక్కుకున్న అర్జీ

తొంభై ఆరో సంవత్సరం. తిరుపతి బస్టాండు వెనక సందులో నాకొక జాబ్ టైపింగ్ అంగడి ఉండేది. జాబ్ టైపింగ్ అంటే ఎవరికేం కావాలంటే అది టైపు కొట్టిచ్చే పని. కొట్టేది ఒక వంతయితే, వచ్చినోళ్ల గోడు విని దాన్ని అర్జీగా మార్చేది మూడు వంతులు. నా నోరు కొంచెం దురుసు. అయినా జనం నా దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ ఎండాకాలం మునెమ్మ వచ్చింది. కార్వేటినగరం పక్క పల్లె, అర ఎకరా మల్లెతోట. చేతిలో కాయితం. తిరుపతికి పూలు తెచ్చే వాళ్ల ఊరి ఆడోళ్లంతా కూడి చెప్తే, బడి అయ్యవారు చెప్పింది చెప్పినట్టు రాసిచ్చినాడంట.

"దీన్ని మిషన్లో కొట్టియ్యక్కా. డిపో మేనేజరు సారుకు ఇయ్యాల."

చదివినాను. "అయ్యా, మా ఊరికాడ తెల్లారి బస్సు నిలిపితే మీ పేరున నూటొక్క టెంకాయ కొడతాము. మీ పిల్లలు సల్లగుండాలని కొండకు నడిచిపోతాము. మునెమ్మ మూడు కత్తెర్లు ఇస్తాది." గుండు కొట్టించుకోకుండా మూడు కత్తిరింపుల జుట్టు ఇచ్చే ఆడోళ్ల మొక్కు అది.

నవ్వాపుకోలేకపోయినాను. "ఏం తల్లీ, ఇది మేనేజరుకా, కొండమీది సామికా?"

"ఇద్దరూ ఇచ్చేవాళ్లే గదక్కా? అడిగే తీరు ఒకటే గదా?"

"యాడన్నా ఉండాదా! సామికి అన్నీ తెలుసు, కారణం చెప్పే పన్లేదు. ఈయనకేమీ తెలీదు. చెప్పాల."

ఆమె కండ్లలో నీళ్లు తిరిగినాయి. "ఈ పూలకాలంలో బస్సు నిలవకపోతే తోట పెరికేస్తానంటాడక్కా మా ఆయన. ఎనక బస్సుకొస్తే ఎండకు మొగ్గలు విచ్చుకుంటాయి. విచ్చినాక కొనే నాథుడుండడు. ఆ చెట్లు నేను నాటినవి. కడవల్తో నీళ్లు మోసి బతికించుకున్నా."

నా నవ్వు ఆగిపోయింది. స్టూలు జరిపి కూర్చోబెట్టినాను.

"సరే. డ్రైవరు ఎందుకు నిలపడు?"

"పొగరు."

"పొగరని రాస్తే మేనేజరు చించి పారేస్తాడు. నువ్వే డ్రైవరువనుకో. ఎందుకు నిలపవు?"

కొంగు మెలేసుకునింది. తరవాత గొంతు తగ్గించింది. "ఒకామె మలుపుకాడ, ఒకామె రచ్చబండకాడ, ఇంకొకామె ఇంటిముందరే చెయ్యెత్తుతాది. గంపలు పైకెక్కించేదానికి టైమైపోతాది. లేటయితే తిట్లు ఆయనకే గదా."

"అదే! అదే రాద్దాం."

అమ్మో, ఆ మొహం చూడాల. మన తప్పు మనమే రాసేదేందని గుడ్లురిమింది. ఎదుటోడి నోట్లో ఉన్న అడ్డం మాట మనమే ముందు చెప్పేస్తే, వాడు మన మాట వినేదానికి కూర్చుంటాడని చెప్పినాను. కానీ దానికి మందు కూడా మనమే చూపియ్యాల. అది ఊర్లో తేల్చుకుని రమ్మని పంపినాను.

రెండు దినాలకు మళ్లీ వచ్చింది. "అందురూ ఒక్కచోటే నిలబడతాం. గంపలొద్దు, తడిగుడ్డలో మూటలు కట్టి ఒళ్లో పెట్టుకుంటాం."

"ఒక్కచోటుకు అందరూ ఎట్ల ఒప్పుకున్నారబ్బా?"

"అందురికంటే నా ఇంటికే దూరమయ్యే చోటు చెప్పినా. ఇంకెవురు నోరెత్తుతారు?"

ఇంత తెలివి పెట్టుకుని టెంకాయలు మొక్కుకునిందే అని ముద్దొచ్చింది. ఒక్క పేజీ కొట్టినాను. టెంకాయలు తీసేసి, తోట సంగతి ఒక్క వాక్యం ఉంచినాను.

తోడు రమ్మంటే డిపోకు నేనూ పోయినాను. మేనేజరు చదివి, అద్దాలు తీసి, "ఒకేచోట ఉంటారని ఏం నమ్మకమమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల మునెమ్మ నా చెయ్యి నొక్కింది.

"నమ్మొద్దు సార్. ఒక్క వారం నిలిపి సూడండి. ఎవురన్నా ఇంకోచోట చెయ్యెత్తితే మళ్లీ మమ్మల్ని సూసినా నిలపొద్దు."

ఇది నేను నేర్పింది కాదు. మేనేజరు నవ్వి, కాయితం అంచున ఏదో రాసి సంతకం పెట్టినాడు. వారం గడిచింది. ఆ తరవాతా బస్సు నిలుస్తానే ఉండింది. తోట బతికింది.

అప్పట్నుంచి అంగడికి ఎవరొచ్చినా ముందు ఇదే అడిగేదాన్ని: "నువ్వే ఆ ఆఫీసరువైతే ఎందుకియ్యవు?" కొందరు కోపంతో లేచిపోయినారు. కూర్చున్నోళ్లకు మాత్రం సగం అర్జీ ఆడనే తయారయ్యేది.

బస్సు నిలిచేది మొదలైన నెలకు మునెమ్మ మూరెడు పూలు తీసుకుని వచ్చింది. "నిన్న కొండకు పోయి మూడు కత్తెర్లు ఇచ్చొచ్చినా అక్కా."

"ఓసి నీ! బస్సు నిల్చింది అర్జీతో గదే?"

"నువ్వు రాసింది మేనేజరుకు. దాన్ని సదివే బుద్ధి ఆయనకు పుట్టించిందెవురు?"

తెచ్చిన పూలు చేతిలోకి తీసుకునింది. "తల ఇట్ల తిప్పక్కా," అనింది. తిప్పినాను. నా జడలో పూలు పెట్టింది.