ఆవులింత ఎత్తిన చెయ్యి

పొద్దున్నే కుర్చీలో కూర్చుని మా ఆయన నోరంతా తెరిచి ఆవులించాడు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఒళ్లో మూటలా పడి ఉండే కుడి చెయ్యి, ఆ ఆవులింతతో పాటు మెల్లగా పైకి లేచింది. మోచెయ్యి మడిచి, భుజం ఎత్తుదాకా. ఆవులింత అయిపోగానే మళ్లీ ఒళ్లో పడింది.

"ఏమండీ! చెయ్యి!" అని నేను పెట్టిన కేకకు పక్కింటావిడ కూడా పరుగెత్తుకొచ్చింది.

"ఏ చెయ్యి?" అన్నాడాయన.

"మళ్లీ ఎత్తండి."

పళ్లు బిగించి ప్రయత్నించాడు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి, చెయ్యి మాత్రం అంగుళం కదల్లేదు. పక్కింటావిడ నా వంక జాలిగా చూసి, "నువ్వు కాస్త కంటినిండా నిద్రపో అక్కయ్యా" అంది. నాకు ఒళ్లు మండింది.

మా ఆయన అద్దాలు కోసే మనిషి. కిటికీలకూ బీరువాలకూ కోసి బిగిస్తాడు. వజ్రపు మొన ఉన్న చిన్న కలంతో గాజు మీద ఒకే ఒక్క గీత గీస్తాడు, బల్ల అంచున పెట్టి నొక్కితే టిక్కుమని విరుగుతుంది. అదే గీత మీద రెండోసారి గీస్తే అద్దం ఎటు పగులుతుందో ఆ దేవుడికే తెలియాలి. అందుకే ఏ పనైనా బాగా ఆలోచించి గాని మొదలుపెట్టడు. బజారంతా ఆయన్ని 'ఒక్కగీత' అంటారు. ఈ ఒక్కగీతగారు చొక్కా కొనడానికెళ్తే కొట్టువాడికి చెమటలు పట్టాల్సిందే.

ఇంకో చాదస్తం కూడా ఉంది. చేతులతో ఎవర్నీ ముట్టుకోడు. అరచేతుల్లో కంటికి కనపడని గాజు నలుసులు ఉంటాయని భయం. మా అమ్మాయిని పసిపిల్లప్పుడు మోచేతుల మీదే ఎత్తుకునేవాడు. పెళ్లైన కొత్తలో నేను చెయ్యి పట్టుకోబోతే "తియ్యి, గాజుంటుంది" అన్నాడు. సెలవురోజూ అదే మాట, సబ్బుతో తోమి తోమి కడిగినా అదే మాట. పోట్లాడి పోట్లాడి నేనే ఊరుకున్నాను.

ఆయన చెయ్యి పడిపోయాక అద్దాల కొట్టంతా మా మరిది నెత్తిన పడింది. కోతా తనే, బిగింపూ తనే. ఒకరోజు మా ఇంట్లో అన్నం తింటుండగా అన్నగారి ఆవులింతా, చెయ్యి లేవడమూ కళ్లారా చూశాడు. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"వదినా, మన చెవుల్లో పువ్వులు పెడుతున్నాడా అన్నయ్య? ఆ చెయ్యి భేషుగ్గా ఉంది. పనికి రావడం ఇష్టం లేక ఈ నాటకం!"

మా ఆయన ఎడమ చేత్తో కంచం పక్కకు నెట్టి గోడ వైపు తిరిగాడు. మరిదిని అక్కడే కడిగి పారేశాను. కానీ ఆ మాట నా బుర్రను తొలుస్తూనే ఉంది. నిజంగా కావాలనే చేస్తున్నాడా? నేను అన్నం కలిపి పెడుతుంటే, బొత్తాలు పెడుతుంటే, లోపల్లోపల నవ్వుకుంటున్నాడా? ఛ, అలాంటి మనిషి కాదు. మరి ఆ చెయ్యి ఎలా లేచినట్టు? ఇది తేలకపోతే ఆయనతో మామూలుగా మాట్లాడటం కూడా నా వల్ల కాదనిపించింది.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి నా గోడు విని, మెదడు కాళ్లనీ చేతుల్నీ ఎలా కదిలిస్తుందో పరిశోధించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లమంది. మరిదిని కూడా లాక్కెళ్లాను.

చిన్న గది. ఆయన చేతికి తీగలు అంటించి, ఎదురుగా కెమెరా పెట్టారు. చేతి కండరంలో కదలికొస్తే తెర మీద గీత ఎగురుతుందట. "చెయ్యెత్తండి" అంది డాక్టరమ్మ. ఆయన ఆపసోపాలు పడ్డాడు, గీత తిన్నగానే పోయింది. "ఇప్పుడు ఆవులించండి." ఆయన నోరు తెరిచాడు. చెయ్యి కదల్లేదు.

"ఇది నోరు తెరవడమండీ. నిజం ఆవులింత రావాలి."

రమ్మంటే వస్తుందా? అందరం ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాం. డాక్టరమ్మ తెర మీద ఆవులించే మనుషుల్ని చూపించింది. మొదట నాకొచ్చింది ఆవులింత. తర్వాత మరిదికి. ఆ తర్వాత డాక్టరమ్మకే వచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం పరీక్ష రాయడానికొచ్చినట్టు బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు. చివరికి డాక్టరమ్మ విసిగి, ఇంకోరోజు చూద్దామని తీగలు తీయబోయింది. హమ్మయ్య అనుకున్నాడేమో, అప్పుడు ఆవులించాడు మహానుభావుడు! చెయ్యి లేచింది. గీత గంతులేసింది.

"అదిగో! నేను చెప్పలా?" అన్నాడు మరిది.

"చెయ్యి లేచింది. ఆయన ఎత్తలేదు" అంది డాక్టరమ్మ.

"ఎత్తకుండా ఎలా లేస్తుందమ్మా?" అన్నాను.

"మనం కావాలని చెయ్యెత్తాలంటే మెదడు పైభాగం నుంచి కబురు రావాలి. పక్షవాతంతో ఆ దారి దెబ్బతింది, స్కానులో కనపడుతూనే ఉంది. ఆవులింత మెదడు అడుగున పుడుతుంది, మనల్ని అడగదు. అది వేరే దారిన చేతిదాకా వస్తోందని మా ఊహ. ఇలాంటివాళ్లు ఇంకొందరున్నారు. నాటకం మాత్రం కాదు."

"అయితే చెయ్యి తిరిగొస్తుందా?"

"ఆవులింతను చూసి ఆ మాట చెప్పలేనమ్మా."

"మరి ఎత్తిందెవరు? ఆయనా, ఆవులింతా?"

"అదే తెలుసుకోవాలని ఇన్నేళ్లుగా ఈ గదిలో కూర్చున్నాను" అందావిడ. నాకు బుర్ర గిర్రున తిరిగింది. వెళ్లినప్పటికంటే ఎక్కువ అయోమయంతో బయటికొచ్చాను.

గుమ్మం దగ్గర మరిది వంగి అన్నగారి కాలికి చెప్పు తొడిగాడు. "నేనన్నది మనసులో పెట్టుకోకు అన్నయ్యా."

"నాకే ఒక్కోసారి అనుమానం వచ్చిందిరా, నాటకమాడుతున్నానేమోనని" అన్నాడు మా ఆయన. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఆయన వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ బాగున్న చెయ్యి వైపు కూర్చునేదాన్ని, ఆరోజు వెళ్లి కుడివైపు కూర్చున్నాను. కావాలనే పెద్దగా ఆవులించాను.

"నిద్రొస్తే పడుకోవే."

"రావట్లేదు." మళ్లీ ఆవులించాను. ఈసారి నాకు నిజంగానే వచ్చింది.

"ఏమిటే ఈ వేషాలు?" అంటూనే ఆయనా ఆవులించాడు. చెయ్యి లేచింది. దిగేటప్పుడు మాత్రం ఒళ్లో కాకుండా నా భుజం మీద పడింది. బరువుగా, వెచ్చగా.

ఆయన కంగారుపడ్డాడు. "నేను వెయ్యలేదే."

"తెలుసు."

"తియ్యి, గాజుంటుంది."

నెలల తరబడి గాజు ముట్టని చెయ్యి అది. అరచెయ్యి పసిపిల్ల పాదంలా మెత్తబడిపోయింది. ఆ మెత్తదనానికి ఏడుపొచ్చింది, ఆ బరువుకి సంతోషమేసింది, రెండూ ఒక్కసారే ఎలా వచ్చాయో నన్నడగొద్దు. ఆయన ఎడమ చేత్తో దాన్ని తీయబోతుంటే గట్టిగా పట్టుకున్నాను.

"ఉంటే ఉండనివ్వండి" అన్నాను.