కట్టె ముందర, కాలు ఎనక

వేసవి సెలవుల్లో వేలూరు నుంచి గుడియాత్తం బస్సులో, ఆనకట్ట చూద్దామని భార్యనూ కూతురినీ తీసుకుని బయల్దేరాను. పాప ఒళ్ళో ప్లాస్టిక్ బకెట్టు పెట్టుకుంది. పక్కన కూర్చున్న ముసలాయన దాన్నే చూస్తున్నాడు.

"యాడికి నాయనా, బిడ్డతో?"

"ఆనకట్ట కింద వాగులో ఆడుకుంటుంది తాతా. మోకాలి లోతే ఉండాదంట."

"నీళ్ళు మోకాలంతేప్పా. లోపల ఇసక తోడిన గుంతలుండాయే, అవి పైకి అగపడవు."

నా భార్య పాపను దగ్గరికి లాక్కుంది. సరదాగా వెళ్తుంటే ఈ అపశకునం మాటలేమిటని నాకు చిరాకేసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పళ్ళికొండలో ఆయన లేస్తూ తన చేతికట్టె నా ఒళ్ళో పెట్టాడు. "కట్టె ముందర, కాలు ఎనక," అని, నేను వద్దనేలోపే దిగిపోయాడు. బస్సు కదిలాక వెనక్కి చూశాను. ఒక కాలు ఈడుస్తూ, గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

వాగులో పాప నా చెయ్యి విడిపించుకుని ముందుకు అడుగెయ్యబోయింది. రెక్క పట్టుకుని ఆపి, దాని ముందు కట్టె దించాను. దిగింది. ఇంకా దిగింది. నా మోచెయ్యి మునిగినా అడుగు తగల్లేదు.

పాప ఆ రోజంతా గట్టు మీదే ఆడుకుంది.

తిరుగు ప్రయాణంలో కట్టె పట్టుకుని పళ్ళికొండలో దిగాను. "మనిషి ఎట్లుంటాడు?" అని టీకొట్టాయన అడిగాడు. కాలు ఈడుస్తాడని తప్ప ఏమీ చెప్పలేకపోయాను. బస్సులో నేను చూసింది కిటికీ అవతలి రోడ్డునే.