ఎవ్వలు లేని వాది

"ఈడ ఎవ్వలు లేరే," అన్నడు.

"ఎవ్వలు లేని కాడ నీకేం పని? మర్లిరా," అన్న.

"వస్త తియ్. జింక అడుగులున్నయి, పచ్చిగున్నయి," అన్నడు. గంతల్నే ఫోన్ కట్టయింది. మా ఆలుమొగల నడుమ ఆఖరి మాటలు అవ్వే.

ఇయ్యాల పొద్దుగాలకెల్లి ఇబ్రా కొండల మీద మల్ల ఆనాటి లెక్కనే మబ్బు పట్టింది. ఈడ ఎండ కొడుతనే ఉన్నది, ఆడ నల్లగున్నది. నేను వంట జేసే అరబ్బోళ్ల ఇంటి వెనక నా రూముల కూసొని ఆ దిక్కే జూస్తుంటే, రుసైల్‌ల ఫ్యాక్టరీ డ్యూటీ జేసే నా మరిది సెలవని వచ్చిండు. నాకు సదువు రాదు. నేను జెప్త, నువ్వు రాయి తమ్మీ అన్న. రాస్తున్నడు.

మా ఇంటాయనకు ఊర్ల ఉన్నప్పుడు నాటు తుపాకి పిచ్చి. మూతికెల్లి మందు పోసి, పేలిక కూరి, గుండు ఏసి, ఇనుప సువ్వతోని దంచి దంచి నింపుడు. నింపినంకనన్న తగుల్తదా అంటే, ఒక్కటే దెబ్బ. అది తప్పితే మల్ల నింపేదాంక దుప్పి నిలవడి సూస్తదా? అడివి సర్కారుది, పోయెటోళ్లు పది ఊర్లోళ్లు. ఈయన సువ్వ గుంజేలోపల ఇంకొకడు కొట్టి, నా గుండంటే నా గుండని కొట్లాట. ఒకనాడు మొఖమంత మసి జేసుకొని వచ్చిండు. దుప్పేదయ్యా అంటే, ఎవలి చెన్లనో తెంపిన సొరకాయ నా ముందర వెట్టిండు. "మంది ఎక్కువైన్రే. ఎవ్వలు రాని మూల ఒక్కటి దొరికితే సూడు నా తడాఖా," అన్నడు. సొరకాయ కూర మాత్రం రెండుసార్లు ఏయించుకున్నడు. తర్వాత ఫారెస్టోళ్ల భయానికి తుపాకి ఠాణాల అప్పజెప్పి ఈ దేశం వచ్చిండు. నేను ఆయన ఎనకనే వచ్చిన.

ఈడ జింకను ముట్టుకుంటే జైలని ఆయన పని జేసే కంపెనీల అందరు జెప్పిన్రు. ఆయనకు గూడ ఎరికే. అయినా సెలవుదినమొస్తే సైట్ల పారేసిన ప్లాస్టిక్ పైపొకటి భుజానేసుకొని కొండల్లకు పోవుడే. నన్ను గూడ ఒకపారి తోల్కపోయిండు. బండమీద బోర్ల పండుకొని, పైపు ఆనించి, నోటితోని ఠాప్ అన్నడు. ఇగ లేచి కూసొని, లేని మందు పోసి, లేని పేలిక కూరి, పుల్లతోని దంచవట్టిండు. నేను ఎండకు మాడిపోతున్న. "ఉత్త పైపుకు గింతసేపా?" అంటే, "నింపకుంటే ఎట్ల పేల్తదే?" అని నా మీదికే గుర్రుమన్నడు. నేను పడి పడి నవ్విన. గట్ల నవ్వుడు ఆ దినంతోనే సరి, మల్ల నాకు రాలే.

ఊర్ల దొరకనిది ఈడ దొరికిందనుకున్నడు. ఈడ వాగును వాది అంటరు. ఎండిపోయిన వాదిల టైర్ జాడ లేదు, మనిషి జాడ లేదు, జింక అడుగులే ఉన్నయి. మా అడివి లెక్కల అది బంగారమసొంటి జాగ. నేను పనిజేసే ఇంటి పెద్దామె, అంత అయిపోయినంక నా పక్కన కూసొని, ఆమెకొచ్చిన హిందీల జెప్పింది: "ఆ వాదిలకు మేము మేకలను గూడ తోలము బిడ్డా. కొండ మీద వాన పడితే ఆడికి నీళ్లే ముందు వస్తయి, మబ్బు తర్వాత." ఈ దేశపోళ్లు తెలిసి ఇడిసిపెట్టిన జాగను, మా ఆయన ఎవ్వలికి తెల్వని జాగనుకున్నడు. గంతే ఆయన జేసిన తప్పు.

నీళ్లు దిగినంక ముందుగాల పైపే దొరికింది. అది తేలేది గద. ఆయన వాది దిగువకున్న ఖర్జూర తోట కంచెకు తట్టుకొని ఉండె. నన్ను సూడొద్దన్నరు, నేను సూసిన. సూడకుంటే ఎవలు సూడాలె.

తమ్మీ, పెన్ను ఎందుకాపినవ్? ఏడ్వకు, రాయి. ఫోన్ నీళ్లల్ల పోయింది, ఆయన గొంతు యాడ లేదు. రాత్రిపూట నా నోటితోనే ఆయన మాట అనుకుంట, అది నా గొంతు లెక్కనే వినవడ్తది. దినాలు పోతుంటే ముందు గొంతు పోతదేమో, మొఖం తర్వాత. నువ్వు సదువుకున్నోనివి, ఎవరూ లేరు అని సక్కగ రాస్తవు. గట్ల రాయకు. లేరు అన్లే, "లేరే" అన్నడు. ఆ చివరి "ఏ" నన్ను పిలిచింది. ఇన్నేండ్లల్ల పేరు వెట్టి పిలువలే, ఆ "ఏ"నే నా పేరు. రాసినవా, పోగొట్టినవా? ఏదీ, మొదటికెల్లి సదువు. ఆయన మాట కాడ మెల్లగ సదువు.