ఆగుమనే మేడం

మా మేడం పోయారని హయత్‌నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. ఆమె జబ్బుపడ్డాక నెలల తరబడి ఎదురుచూస్తున్న కబురే. అయినా ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. వ్యవసాయ శాస్త్రవేత్త. గతి తప్పిన వానలను రైతు ఎలా తట్టుకోవాలన్నదే ఆమె పరిశోధన. నేను ఆమె దగ్గర ఫీల్డు అసిస్టెంటుని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఇంట్లో టిఫిన్ తిని, ఎల్‌బీ నగర్‌లో నల్గొండ బస్సెక్కేవాళ్లం. నా యాసను ఆమె, ఆమె కోస్తా మాటను నేను దారంతా వెక్కిరించుకునేవాళ్లం. ఏ చేను గట్టు మీదైనా చెప్పులు విప్పాకే ఆమె చేలోకి దిగేవారు.

రైతులకు ఆమె చెప్పింది ఒక్కటే. తొలి చినుకుకే పత్తి గింజ పెట్టొద్దు, నేల జానెడు లోతు తడిసేదాకా ఆగండి. ఊళ్లలో 'ఆగుమనే మేడం' అని పేరే పడింది. కానీ ఎవరూ ఆగేవారు కాదు, తొలి చినుకు తర్వాత వాన ముఖం చాటేసి గింజ మాడిపోయేది. ఎందుకయ్యా అని అడిగితే ఒక కౌలు రైతు విసుక్కోకుండా చెప్పాడు.

"ఊరంత పెడుతుంటే నేనొక్కన్నే ఆగితే, తర్వాత కూలోళ్లు నాకెట్ల దొరుకుతరు మేడం?"

నిజమే. గింజ పెట్టే ఆడవాళ్లు గుంపుగా వస్తారు, వరసగా చేలు ముగించి పక్క ఊరికి పోతారు. ఆ రోజు తిరుగు బస్సులో మేడం కిటికీలోంచి దాటిపోతున్న చేలను చూస్తూ కూర్చున్నారు. "ఊరంతా కలిసి ఆగాలయ్యా. ఇన్నేళ్లూ ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరిగాం" అన్నారు చివరికి.

ఆ తర్వాత ఆ ఊరిని, కూలీల గుంపులను ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించారు. అందరూ ఆగారు. ఆ ఏడు మొదలైన వాన విడవలేదు. చేలో అడుగుపెట్టే వీల్లేక అదను దాటిపోయింది. ఒక్కరూ ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మేడం అనేవారు.

దవాఖానలో చివరిసారి చూసినప్పుడు, ఈ ఏడు ఏం చెప్పమంటారని అడిగాను. "నాకిక తెలియట్లేదయ్యా" అన్నారు. అంత నిజాయితీగల మాట, అంత భయపెట్టిన మాట నేను వినలేదు.

అంత్యక్రియలకు ఆ కౌలు రైతు వచ్చాడు. సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కిస్తుంటే అడిగాడు.

"ఈసారి ఆగాల్నా, పెట్టాల్నా? మేడం ఏమన్న చెప్పి పోయిందా?"

ఆమె చివరి మాట ఆయనకు చెప్పకుండా, సంచి అందించాను. ఆయన లోపలికి వెళ్లి కూర్చున్నాడు. చినుకులు మొదలయ్యాయి. బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, తడిసిన అరచేతిని చూసుకుంటూ వెళ్లిపోయాడు.