పెద్దమ్మ ఒప్పుకోని పచ్చరంగు

మా పెద్దమ్మ పోయిందని ఆళ్లగడ్డ నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందన్నా" అని ఏడ్చాడు. ఏడుపు ఆగినాక, "నీతాన అమ్మ ఫొటో మంచిది ఏమన్నా ఉందా?" అన్నాడు. లేదన్నాను. ఆమె ఎవరినీ తీయనిచ్చేది కాదు.

పోయినవాళ్లను మెత్తనివాళ్లని రాయడం ఆచారం. పెద్దమ్మ నోరు మెత్తనిది కాదు. ఆ నోటికి భయపడుతూనే సీతాఫలాల కాలంలో నంద్యాలలో బస్సెక్కి ఆమె ఇంటికి పోయేవాళ్లం, ఐస్‌క్రీమ్ కోసం. ఎనుము పాలు చిక్కబడేదాకా మరిగించి, చక్కెర వేసి, పూర్తిగా చల్లార్చేది. వేడి పాలలో పడితే సీతాఫలం చేదెక్కుతుంది. గింజ నలగకుండా గుజ్జును జల్లెడ మీద చేత్తో రుద్ది, చల్లారిన పాలలో కలిపి, స్టీలు డబ్బాకు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఐసు కట్టే పై అరలో ఉంచేది. అంచులు గట్టిపడగానే తీసి పప్పుగుత్తితో ఎనిపేది. మళ్లీ లోపల, మళ్లీ బయట. మిషన్ అంటూ ఏమీ లేదు. మధ్యలో అడిగితే, "ఆత్రమైతే పాలు తాగి పోండి" అనేది.

ఒకసారి పక్కింటామె తిని, "అంగట్లోది మాదిరే ఉందక్కా" అని మెచ్చుకుంది. పెద్దమ్మ ఆమె చేతిలోని గిన్నె వెనక్కి తీసుకుంది. "అట్లయితే ఆడికే పో."

అలాంటి మనిషి కడుపున పుట్టినవాడు బజారులో 'అమ్మ చేతి ఐస్‌క్రీమ్' అని అంగడి పెట్టాడు. తెరిచిన రోజు పాస్టరయ్య ప్రార్థన చేసి మొదటి కప్పు ఆమెకే ఇచ్చాడు. లోపల చిలకపచ్చగా ఉంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగానే వాకిలి పక్క కాలువలో ఉమ్మింది.

"ఇదేందిరా పచ్చగా?"

"సీతాఫలం పచ్చగనే కదమ్మా ఉండేది."

"తొక్క తింటాండావా నువ్వు?"

జనం నవ్వారు. వాడు నవ్వలేదు. "పండేసి చూసినా. చేదొచ్చింది. అందుకే ఎసెన్సు."

"పాలు చల్లారేదాక ఉంటివా?"

"జనం వాకిట్లో నిలబడుకోనుంటే యాడ చల్లారేదమ్మా? నీ ఫొటో ఒగటియ్యి, బోర్డు మీద ఏస్తా. సాలు."

"నేను చేయనిదానికి నా మొగమేంటికిరా?"

బోర్డు మీదా కప్పుల మీదా ఫొటో కోసం వదిలిన తెల్లటి గుండ్రం ఆమె ఉన్నంతకాలం ఖాళీగానే ఉండింది. దాన్ని చూపించి వాడు ఎన్నిసార్లు బతిమాలినా ఆమె ముఖం తిప్పుకునేది. ఇంట్లో మాత్రం, వచ్చినవాళ్లకు చివరి సీతాఫలాల కాలం దాకా డబ్బాలో పెట్టి ఎనుపుతూనే ఉండింది. నేను తిన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ పోయినాక చర్చివాళ్లతో పెట్టిన ఆదరణ కూడికలో భోజనాలయ్యాక అంగడి కప్పులు పంచారు. అదే చిలకపచ్చ. మా బంధువులు చెంచాలు నాకుతూ, "అచ్చం అమ్మ చేతిదే" అన్నారు. ఆమె బతికుండగా ఆ ఇంట్లో పండు ఒలిచిపెట్టినవాళ్లు కూడా అన్నారు. నాలుక ఉన్నవాళ్లు అనే మాట కాదు.

కప్పు తిప్పి చూశాను. తెల్లటి గుండ్రం నిండింది. వేరే ఫొటో దొరక్క ఆధార్ కార్డులోది పెద్దది చేయించాడు. కనుబొమలు ముడిచి, బుగ్గలు బిగబట్టి, మూతి ముందుకు పెట్టి ఉంది పెద్దమ్మ.

నా చేతిలో పచ్చరంగు కరుగుతోంది. ఆమె మాత్రం కాలువ ఎక్కడుందా అని చూస్తోంది.