పీకేసిన చీటీ

పురుషోత్తం అల్వాల్‌లో ఉంటాడు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు సోల్డరింగ్ చేసి రిటైరయ్యాడు. ఇంట్లో గ్యాస్ కట్టేశాక మూడుసార్లు వెళ్లి చూసే రకం. రిమోట్‌తో చిన్న పెట్రోలు విమానాలు ఎగరేసే మా ఆదివారం గుంపుకంతా బ్యాటరీలు కట్టిపెట్టేది ఆయనే. ఆయన చాదస్తం మీద మేం వేసుకోని జోకు లేదు.

ఇంజను పెట్రోలుతోనే తిరిగినా స్పార్కుకో బ్యాటరీ, రిమోట్ చెప్పింది అందుకునే రేడియోకో బ్యాటరీ కావాలి. రేడియోది ఆగిందంటే విమానం ఇక ఎవరి మాటా వినదు. అందుకే నా కొత్త విమానంలో రేడియోకు రెండు పెట్టమన్నాను. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుందని నా ధీమా.

"రెండు మంచిదే, సత్యదేవ్ సార్. కానీ ఒకటి సచ్చినా మీకు ఎర్క గాదు, రెండోదే లాగుతుంటది. ఎగరేసే ముంగట ఒక్కో స్విచ్చే ఏసి, మీటర్ పెట్టి చూడాలె," అన్నాడు పురుషోత్తం. అదే మాట తెల్లకాగితం మీద ఎర్ర సిరాతో రాసి విమానం పక్కన అతికించాడు.

నిగనిగలాడే నీలిరంగు మీద ఆ చీటీ చూస్తే నాకు ఒళ్లు మండింది. ఇంటికి రాగానే పీకేశాను. రెండు స్విచ్‌లూ ఒకేసారి వేసి మూడు నెలలు దర్జాగా ఎగరేశాను.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున విమానం గాల్లో అదుపు తప్పింది. మైదానం అంచున గడ్డి కోసుకుంటున్న ఎల్లమ్మకు నాలుగడుగుల దూరంలో నేలను గుద్దుకుంది. దెబ్బ తగల్లేదు గానీ, ఆమె కొడవలి పడేసి అక్కడే కూలబడింది. పురుషోత్తం ఆమెకు నీళ్లు తాగించి, ముక్కల్లోంచి బ్యాటరీలు తీసి చూశాడు. ఒకటి ఎప్పుడో ఉబ్బి చచ్చింది. ఒంటరిగా లాగిన రెండోది ఖాళీ అయిపోయింది.

"గిట్ల ఎవలు జేసిండ్రు బిడ్డా? పానం పోతుండె గదా!" అంది ఎల్లమ్మ.

అందరూ పురుషోత్తం వైపు చూశారు. నేనూ చూశాను.

"ఆ బ్యాటరీలు నేనే కట్టిన అమ్మా," అన్నాడాయన.

నేను వంగి విమానం ముక్కలు ఏరసాగాను. ఆ తర్వాత ఎవరూ ఆయనకు బ్యాటరీలివ్వలేదు. ముసలాయనకు చూపు ఆనడం లేదని ఒకరు మొహం మీదే అన్నారు. ఆయన రావడం మానేశాడు. అయినా చీటీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, సిగ్గులేని మనిషిని.

ఐదో వారం ఉండబట్టలేక అల్వాల్ వెళ్లాను. ఆయన భార్య స్వర్ణలత టీ ఇచ్చి లోపలికి వెళ్లింది.

"ఆ చీటీ నేనే పీకేశాను," అన్నాను.

"ఎర్కనే సార్. పడ్డనాడే ముక్క మీద జిగురు మరక చూసిన."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"మీరే చెప్తరని నాలుగు ఐతారాలు చూసిన." టీ గ్లాసు నా వైపు జరిపాడు. "ఇప్పుడు నాకు జెప్తే ఏం ఫాయిద? పోయి ఆ ఎల్లమ్మకు జెప్పుండ్రి."